మూడు రోజులు ఎవరూ ముట్టని పేజీ

మా బడికి బ్లాగూ వికీ ముందు వచ్చాయి. వాటితో ఏం చెయ్యాలో కనిపెట్టమన్న ఉత్తర్వు పదిహేను రోజుల తరవాత వచ్చింది. ఈ వరసలో తప్పేమీ లేదని హెడ్మాస్టర్ దివాకరరావు గారు అన్నారు. సైన్సు ల్యాబుకు కూడా ముందు తాళం కొన్నారు, తలుపు మరుసటి ఏడాది వచ్చింది.

ఉత్తర్వు ఇలా ఉంది: "తరగతి గదులయందు బ్లాగులు మరియు వికీల అర్థవంత వినియోగమును ప్రతి పాఠశాల స్వయముగా కనుగొనవలెను. కనుగొన్న అర్థమును నెలాఖరులోగా నిర్ణీత నమూనాలో పంపవలెను. అర్థము కనబడలేదని తెలుపు నివేదికలు స్వీకరింపబడవు."

నేను ఆ బడిలో ఆయాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా గదులు ఊడుస్తున్నాను, బోర్డులు తుడుస్తున్నాను. పర్మనెంటు చెయ్యలేదు కనుక రిటైర్మెంటు కూడా లేదు. బోర్డు మీద ఉన్నది చదవకుండా తుడిచేస్తే ఎవరి ముఖమో చూడకుండా సాగనంపినట్టు ఉండేది. అందుకని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, ఆ తరవాతే తుడిచేదాన్ని. అలా వచ్చిన చదువే నాది.

మాస్టర్ల మీటింగు జరుగుతున్నప్పుడు టీ ఇవ్వడానికి వెళ్ళాను. లెక్కలూ సైన్సూ చెప్పే శశికళ మేడమ్ వివరిస్తోంది.

"బ్లాగంటే ఎవరి గోడ మీద వాళ్ళు రాసుకోవడం సార్. వికీ అంటే ఒకే గోడ మీద అందరూ రాయడం. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దొచ్చు, కొట్టెయ్యొచ్చు."

"అలాంటి గోడ మనకి మరుగుదొడ్లో ఉంది కదా" అన్నారు తెలుగు మేష్టారు.

"అది అర్థవంతం కాదు" అన్నారు హెడ్మాస్టర్ గారు. "పైగా దానికి పాస్‌వర్డ్ లేదు."

చివరికి చిక్కుళ్ళతో మొదలుపెట్టారు. ఆరో తరగతి పిల్లలు పేపరు గ్లాసుల్లో చిక్కుడు గింజలు నాటారు. మొక్క రోజుకెంత పెరిగిందో బ్లాగులో రాయాలి. బడికి వచ్చినవి పన్నెండు ట్యాబులు. అవి హెడ్మాస్టర్ గారి గదిలో ఉన్న వైఫై పెట్టె దయ ఉంటేనే పనిచేస్తాయి. భద్రత కోసమని ఇంటి దగ్గర ఏ ఫోన్‌లోనూ ఆ బ్లాగూ వికీ తెరుచుకోకుండా చేశారు. పిల్లలు పీరియడంతా వరసలో నిలబడి బ్లాగు రాసేసరికి గ్లాసుల్లో నీళ్ళు పొయ్యడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. నాలుగో రోజుకు గింజలు ఎండిపోయాయి. బ్లాగు ఆగలేదు. తొమ్మిదో రోజున అందులో మొదటి పువ్వు పూసింది.

కిటికీలో ఎండిన గ్లాసులు తీస్తూ ఒక పిల్లాణ్ణి అడిగాను.

"కాయలు కాసాయని రాసీసినావు. ఎక్కడ్రా కాయలు?"

"బ్లాగులో కాసాయి ఆయమ్మా."

"మరి గ్లాసులోనో?"

"గ్లాసెవలు సూస్తారు?"

వాడన్నది నిజమే. మండల అర్థవంత వినియోగాధికారి పరాంకుశం గారు వచ్చి బ్లాగే చూశారు. ఆ ఉద్యోగం కూడా వికీతో పాటే వచ్చింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇది అనుభవాత్మక అభ్యసనం" అన్నారు. మొత్తం దిగుబడి ఎంతో లెక్కగట్టించారు. మరుసటి వారం మధ్యాహ్న భోజనానికి వచ్చే కూరగాయల్లో మూడు కిలోలు తగ్గించారు. పాఠశాల చిక్కుళ్ళలో స్వయంసమృద్ధి సాధించిందని కాగితం వచ్చింది. ఆ రోజు పిల్లలు చారుతో తిన్నారు.

తరవాత పాఠాలన్నీ వికీలోకి ఎక్కించారు. ప్రతి విద్యార్థి రోజుకు పది సవరణలు చెయ్యాలి. చెయ్యకపోతే బడికి ఎర్రరంగు వస్తుంది. తప్పుంటేనే సవరించాలని ఎక్కడా రాయలేదు. నాగావళి నది సోమవారం ఒక కొండల్లో పుడితే బుధవారం ఇంకో కొండల్లో పుట్టేది. శుక్రవారానికి మా ఊరి బస్టాండు వెనక పుట్టింది. అర్ధసంవత్సర పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. ఏ జవాబు దిద్దాలో తెలియక మాస్టర్లు హెడ్మాస్టర్ గారి దగ్గరకు వెళ్ళారు. ఆయన కాసేపు ఆలోచించి, "జవాబు పక్కన టైము వెయ్యమనండి" అన్నారు. ఉదయం పదకొండుకు నాగావళి ఎక్కడ పుట్టిందో రాసినవాళ్ళకూ, పదకొండుంబావుకు ఎక్కడ పుట్టిందో రాసినవాళ్ళకూ మార్కులు పడ్డాయి. ఉత్తీర్ణత నూటికి నూరు.

ఇంతవరకూ నాకేం బాధ లేదు. నది ఎక్కడ పుట్టినా నేను నీళ్ళు బోరింగు దగ్గరే పట్టుకుంటాను.

జూన్‌లో బడి తెరిచిన రోజున పరాంకుశం గారు మళ్ళీ వచ్చారు. ఈసారి ప్రతి విద్యార్థికీ వికీలో ఒక పేజీ ఉండాలన్నారు. అడ్మిషను రిజిస్టరు, టి.సి. పుస్తకం గోనెసంచిలో వేయించి జీపు వెనక పెట్టించారు.

"మరి టి.సి. ఎలా ఇవ్వమంటారు సార్?" అన్నారు దివాకరరావు గారు.

"మీరు ఇవ్వరు. వ్యవస్థ ఇస్తుంది" అన్నారు పరాంకుశం గారు. "నియమం పధ్నాలుగు. బడిలో చదువుతున్న విద్యార్థి నిరంతర వికాసంలో ఉంటాడు. కనుక అతని పేజీ నిరంతరం మారుతూ ఉంటుంది. డెబ్బై రెండు గంటలు ఏ మార్పూ లేదంటే ఆ విద్యార్థికీ ఈ పాఠశాలకూ సంబంధం తీరిపోయిందని అర్థం. వెంటనే ప్రింటరు దానంతటదే టి.సి. ముద్రిస్తుంది. మీరు సీలు వెయ్యడమే. మానవ ప్రమేయం దాదాపు శూన్యం."

"ఆదివారం?"

"ఆదివారం ఇరవై నాలుగు గంటలే కదండీ."

దివాకరరావు గారు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, నిజమేనని ఒప్పుకున్నారు.

ఆ మరుసటి వారమే రోహిణికి సీటు వచ్చింది.

రోహిణి నా కూతురి కూతురు. కూతురూ అల్లుడూ కోతలయ్యాక ఇటుక బట్టీలకు లారీ ఎక్కి వెళ్ళి, వానలు పడ్డాక వస్తారు. మూడో ఏట నుంచీ పిల్ల నా దగ్గరే. ఏడో తరగతి అయిపోయింది. గురుకులంలో ఎనిమిదికి పరీక్ష రాసింది. పరీక్షకు నేనే తీసుకెళ్ళాను, హాలు బయట మూడు గంటలు నేనే కూర్చున్నాను. సీటు వస్తుందని మాత్రం అనుకోలేదు. ఇలాంటి పరీక్షలకు వేలమంది వస్తారు, సీటు రాకపోవడమే మామూలు. ఆ ధైర్యంతోనే తీసుకెళ్ళాను.

ఉత్తరంలో ఉన్నది రెండు ముక్కలే. జూన్ ముప్పై సాయంత్రం అయిదులోపు అసలు టి.సి.తో హాజరు కావాలి. కాకపోతే సీటు జాబితాలో తరవాతి పేరుకు పోతుంది. రోహిణి ఆ ఉత్తరం దిండు గలీబులో పెట్టుకుని పడుకుంది. నేను లేచి రెండుసార్లు చూశాను, ఉందో లేదోనని.

సీటు వచ్చిందని తెలియగానే ఆ పిల్ల పేజీకి జనం ఎగబడ్డారు. "రోహిణి మా బడికి గర్వకారణం" అని ఒకడు రాశాడు. "ఎనిమిదో తరగతికి గర్వకారణం" అని ఇంకొకడు దిద్దాడు. "బి సెక్షనుకు" అని మరొకడు. గీతిక అనే పిల్ల, "నా ఎరేజరు ఇంకా ఇవ్వలేదు" అని చేర్చింది. సవరణల కోటా నిండాలంటే నది కన్నా రోహిణి తేలిక. గంటకు ఇరవై మార్పులు.

"నా పేజీ ముట్టకండర్రా, మీకు దండమెడతాను" అని రోహిణి క్లాసులో చెప్పింది. క్లాస్ లీడరు మంచివాడు. వెంటనే వెళ్ళి ఆ పేజీ పైన, "దయచేసి ఎవరూ ఈ పేజీని ముట్టవద్దు" అని రాశాడు. దాని కింద నలభై ఒక్క మంది "సరే" అని రాశారు.

హెడ్మాస్టర్ గారు పేజీకి తాళం వేయించాలని చూశారు. తాళం కోసం అర్జీ ఆ పేజీలోనే పెట్టాలట. పెట్టారు. అది కూడా ఒక మార్పే కనుక గడియారం మళ్ళీ సున్నా నుంచి మొదలైంది. అర్జీ అందలేదేమోనని మరునాడు గుర్తుచేశారు. మళ్ళీ సున్నా.

"సూరమ్మా, నేను ఎంత సాయం చేస్తే నీ మనవరాలు అంత ఆలస్యంగా వెళ్తుంది. నన్ను ఇంక సాయం చెయ్యమనకు" అన్నారాయన.

ఇరవయ్యో తారీఖున నేనే మండలాఫీసుకు వెళ్ళాను. పరాంకుశం గారు కుర్చీ చూపించారు. మర్యాదస్తుడు.

"మీ సమస్యను వికీలో నమోదు చేశారా అమ్మా?"

"నమోదు సేస్తే అదో మార్పు అవుతాది గద బాబూ."

"అవుతుంది. అంటే పేజీ సజీవంగా ఉందన్నమాట. సంతోషించాలి."

"సంతోషమే బాబూ. మా రోహిణి గుంట సీటు పోతాది."

"ఎలా పోతుంది? ఆమె మీ బడిలోనే ఉంటుంది కదా."

"ఉండకూడదు బాబూ. పంపీమని అడగడానికే వొచ్చేను."

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. నా మీద జాలిపడ్డారనే అనుకుంటాను.

"చూడండమ్మా, నియమం చాలా సరళం. తోటి విద్యార్థుల్లో ఆమె పట్ల ఆసక్తి నశించాలి. నశించినట్టు డెబ్బై రెండు గంటల ఆధారం ఉండాలి. ఆమెను అందరూ మరిచిపోయారని రుజువైన మరుక్షణం మేము ఒక్క నిమిషం ఆపం."

"పదకొండుమంది పిల్లలు దానికి పుట్టినరోజు కార్డులిచ్చేరు బాబూ. ఎలగ మరిసిపోతారు?"

"అది పాఠశాల స్థాయిలో పరిష్కరించుకోవలసిన విషయం" అన్నారాయన.

పరిష్కారం శశికళ మేడమ్ కనిపెట్టింది. ఇరవై ఒకటో తారీఖు శనివారం నాడు ఏడుకీ ఎనిమిదికీ కబడ్డీ జరిగింది. ఆఖరి కూతలో యశ్వంత్ అనే కుర్రాడి బొటనవేలు గీతకు తగిలిందా లేదా అని తగువు. సోమవారం ఉదయం మేడమ్ ఆ బొటనవేలికి వికీలో ఒక పేజీ తెరిచింది. అంతే. బడి బడంతా అక్కడికి పోయింది. తగిలిందని ఒకరు, తగల్లేదని ఒకరు, ఆ గీత ముందురోజే చెరిగిపోయిందని ఒకరు. ఒక్క రోజులో ఆరువందల నలభై సవరణలు. పరాంకుశం గారు ఫోను చేసి, జిల్లాలో ఇంత అర్థవంతమైన పేజీ ఇంకొకటి లేదన్నారట.

రోహిణి పేజీలో ఆఖరి మార్పు సోమవారం ఉదయం పదిన్నర. మంగళవారం ఎవరూ ముట్టలేదు. బుధవారం ఎవరూ ముట్టలేదు. రోహిణి రేకుపెట్టె దులిపి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. గురువారం పదిన్నరకు కాగితం వచ్చేస్తుంది. శుక్రవారం బస్సు.

"అక్కడ మంచమిస్తారట అమ్మమ్మా, పైనొకటి కిందొకటి. నాను పైది అడుగుతాను."

"పడిపోతే?"

"పడను."

"పైన ఫ్యాను దగ్గరగుంటాది."

"ఉంటే గాలొస్తాది" అంది.

గురువారం పొద్దున్న వంటషెడ్డులో ట్యాబులు ఛార్జింగుకు పెట్టడం నా పని. పెట్టాను. ఒకటి తెరిచాను. ఆ పేజీ ఒక్కసారి మొత్తం చదవాలనిపించింది, ఇంకో గంటన్నరలో అది మూసుకుపోతుంది కదా అని. లెక్కల్లో ఫస్టు అని ఉంది. బల్లికి భయపడుతుందని ఉంది. ఎరేజరు సంగతి ఉంది. చివర, "అమ్మానాన్న బట్టీలకు వెళ్తారు. ఇక్కడ ఆమెకు ఎవరూ లేరు" అని ఉంది. ఏ పిల్లో పాపం జాలిపడి రాసినట్టుంది.

అది తప్పు. తప్పు కనిపించినవారు తక్షణం సవరించవలెనని నియమం మూడులో ఉంది, గోడ మీద అంటించిన కాగితం నేనే రోజూ దులుపుతాను. "ఎవరూ లేరు" అన్నది తీసేసి, "అమ్మమ్మ ఉంది" అని రాశాను. నియమం పాటించాను. అప్పటికి డెబ్బై గంటల ఇరవై నిమిషాలైందని నాకు తెలియదని మాత్రం చెప్పను.

మధ్యాహ్నం రోహిణి కంచం పట్టుకుని షెడ్డు దగ్గరకు వచ్చింది. అన్నం పెట్టించుకోలేదు.

"అమ్మమ్మా, ఆయా ఒకటి అంటే ఎవులు?"

"ఏ ఆయా?"

"పేజీ మార్చినోల్ల పేరు కింద పడతాది. ఆయా ఒకటి అనుంది. ఎనిమిదీ యాభైకి."

"బడికి ఆయా ఒకత్తే గదే" అన్నాను.

కంచం గట్టు మీద పెట్టింది.

"నువ్ రాసింది నిజమే. పదిన్నర దాటినాక రాయొచ్చు గద."

నేను గరిటె కడుగుతున్నాను. అప్పటికే కడిగిన గరిటె.

"నాను ఎల్లడం నీకిష్టం నేదు."

"నేదు."

"ఆ ముక్క ముందే సెప్పొచ్చు గద."

"సెప్తే ఆగిపోతావా?"

"ఆగను."

"మరి సెప్పి ఏటి లాభం?"

"సెప్తే ఏడిసీసి ఎల్దును" అంది. "ఇప్పుడు కోపంతోటి ఉండిపోతాను. ఎవులికి లాభం?"

తినకుండానే వెళ్ళిపోయింది.

నేను చేసిన మార్పు వల్ల ఆ పేజీ పేరు మళ్ళీ తాజా సవరణల జాబితాలో పైకి వచ్చిందని శశికళ మేడమ్ చెప్పింది. బొటనవేలితో విసిగిపోయిన పిల్లలు మళ్ళీ రోహిణి మీద పడ్డారు. "అమ్మమ్మ పేరు సూరమ్మ." "ఆయమ్మ అన్నం ఎక్కువ పెడుతుంది." "పెట్టదు." "నాకు పెడుతుంది." మూడు గంటలకు ఇరవై ఆరు మార్పులు. సోమవారం ముప్పయ్యో తారీఖు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఆ సాయంత్రం నుంచి ఒక్క వేలు కూడా తగలకపోతేనే పని జరుగుతుంది. మూడువందల పన్నెండు మంది పిల్లలు, ఒక్కొక్కరికి పదేసి వేళ్ళు.

నాలుగున్నరకు బడి ఖాళీ అయ్యాక చివరగా హెడ్మాస్టర్ గారి గది ఊడుస్తాను. మూల బల్ల మీద వైఫై పెట్టె ఉంటుంది, నాలుగు ఆకుపచ్చ దీపాలు మినుకుమంటూ. రోజూ దాని దుమ్ము తుడుస్తాను. ఆ రోజు దుమ్ము తుడిచి, ప్లగ్గు పీకేశాను. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో నేను తీసుకున్న పరిపాలనా నిర్ణయం అదొక్కటే.

శుక్రవారం "నెట్ లేదు" అన్నారు. నెట్ లేకపోవడం మా వైపు కొత్త కాదు కనుక ఎవరూ పెట్టె వైపు చూడలేదు. హెడ్మాస్టర్ గారు కంపెనీకి ఫోను చేస్తే ఒక నంబరు ఇచ్చి, ఆ నంబరు జాగ్రత్త చేసుకోమన్నారు. ఆ రెండు రోజులూ బడి బాగా వెనకబడిపోయింది. పిల్లలు లెక్కలు చేశారు. శశికళ మేడమ్ సుద్దముక్కతో త్రిభుజాలు గీసి, ఎందుకో చెప్పమని అడిగింది, వాళ్ళు చెప్పారు. శనివారం ఒక్కరోజే నేను నాలుగుసార్లు బోర్డు తుడిచాను. నాగావళి ఒకే చోట పుట్టింది, రెండు రోజులూ అక్కడే ఉంది.

ఇంట్లో రోహిణి నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. ప్లగ్గు సంగతి చెప్పాను. "ఊఁ" అంది. అంతే.

సోమవారం ఎనిమిదిన్నరకు వెళ్ళి ప్లగ్గు మళ్ళీ పెట్టాను. దీపాలు నాలుగూ వెలిగాయి. రోహిణి పెట్టె తెచ్చి వరండాలో పెట్టుకుంది. బస్సు పన్నెండింటికి.

తొమ్మిదింటికి ప్రింటరు కదిలింది. మొదటి కాగితం బయటికి వచ్చింది. దాని మీద ఉన్న పేరు అఖిల. ఆరో తరగతి. తరవాత అజయ్. తరవాత అనూష. దివాకరరావు గారు సంతకం పెడదామని పెన్ను తీసినవారు అలాగే ఉండిపోయారు.

"ఇదేమిటి? ఈ అనూష నిన్నగాక మొన్న చేరింది!"

శశికళ మేడమ్ తెర వంక చూసి మెల్లగా చెప్పింది. "సార్, గురువారం సాయంత్రం నుంచి ఎవరి పేజీలోనూ మార్పు లేదు. నియమం పధ్నాలుగు. మొత్తం మూడువందల పన్నెండు మందికీ టి.సి.లు వస్తున్నాయి."

"ఆపెయ్యండి!"

"ఆపితే రోహిణిది కూడా ఆగిపోతుంది సార్. అక్షరక్రమంలో వస్తున్నాయి."

ఆయన నా వైపు చూశారు. తరవాత పెట్టె వైపు, ప్లగ్గు వైపు చూశారు. మళ్ళీ నా వైపు చూశారు. కుర్చీలో కూర్చుని పరాంకుశం గారికి ఫోను చేశారు.

ప్రింటరు నిమిషానికి రెండు కాగితాలు ఇస్తోంది. బయట పిల్లలు ప్రార్థన పాడుతున్నారు, లోపల ఒక్కొక్కరే బడి వదిలి పోతున్నారు. పదకొండుకు భార్గవి దగ్గర కాగితాలు అయిపోయాయి. శశికళ మేడమ్ పరుగెత్తి చిక్కుడు దిగుబడి నివేదికలు తెచ్చి, వెనకవైపు తెల్లగా ఉండేలా తిప్పి పెట్టింది. మ వచ్చింది. మహేష్‌లే ఆరుగురు. య వచ్చింది. బొటనవేలి యశ్వంత్ వెళ్ళిపోయాడు. రోహిణి తలుపు దగ్గర గోళ్ళు కొరుక్కుంటోంది. పదకొండున్నర దాటింది.

పరాంకుశం గారి జీపు వచ్చింది. ఆయన కాగితాల దొంతర చూశారు, తెర చూశారు, చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. తిడతారనుకున్నాను.

"సంపూర్ణ స్థిరత్వం" అన్నారు. "ఒక పాఠశాలలోని సమస్త జ్ఞానమూ, సమస్త విద్యార్థులూ ఇంక సవరించనవసరం లేని స్థితికి చేరుకోవడం... ఇది రాష్ట్రంలోనే ప్రథమం కావచ్చు. దివాకరరావు గారూ, అభినందనలు."

"పిల్లలందరికీ టి.సి.లు వచ్చేశాయి సార్!"

"వ్యవస్థ జారీ చేసింది. కాదనడానికి మనమెవరం? సీళ్ళు వెయ్యండి. వరస తప్పకూడదు."

సరిగ్గా అప్పుడే రోహిణి కాగితం వచ్చింది. దాని ముందు రెండువందల అరవై కాగితాలు సీలు కోసం ఎదురుచూస్తున్నాయి. దివాకరరావు గారు ఒక క్షణం దొంతర వంక చూశారు. "అయ్యా, బయట పిల్లలు మీకోసం చప్పట్లు కొట్టడానికి నిలబడ్డారు" అని పరాంకుశం గారిని వరండాలోకి పంపారు. పిల్లలు నిలబడలేదు. ఆయన వెళ్ళాక నిలబడ్డారు. ఈలోగా హెడ్మాస్టర్ గారు రోహిణి కాగితం లాగి, సంతకం పెట్టి, సీలు రెండుసార్లు గట్టిగా గుద్ది నా చేతిలో పెట్టారు.

"బేగి ఎల్లండి" అన్నారు. ఆయన అలా మా భాషలో మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

బస్సు దొరికింది. దారంతా కాగితం పైటకొంగులో పెట్టి పట్టుకున్నాను, బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఉందో లేదో తడిమాను. నాలుగుంబావుకు గురుకులం చేరాం. అక్కడి గుమాస్తా నంబరు, తేదీ, సీలు చూశాడు. కాగితం తిప్పి చిక్కుళ్ళ బరువు కూడా చదివాడు. "సరే, పంపండి" అన్నాడు. గేటు దాటి బంధువులు వెళ్ళకూడదట. రోహిణి పెట్టె ఎత్తుకుంది. ఇంకా కోపంగానే ఉంది.

"ఎల్లిపోకే" అన్నాను.

ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. తరవాత ముక్కు తుడుచుకుని వెళ్ళింది.

మర్నాడు పొద్దున్న బడికి వెళ్ళాను. కాగితాల ప్రకారం ఆ బడిలో ఒక్క విద్యార్థి కూడా లేడు. తొమ్మిదయ్యేసరికి ఎప్పటిలాగే అందరూ వచ్చేశారు. టి.సి.లను పుస్తకాలకు అట్టలుగా వేసుకున్నారు కొందరు. పిల్లలు లేని బడిలో పిల్లలు ఉండటం ఏ నియమం కిందకు వస్తుందో తేలేదాకా వాళ్ళను అతిథి వీక్షకులుగా పరిగణించమని పరాంకుశం గారు చెప్పారు. ఆయన స్వయంగా మైదానంలో నిలబడి వీక్షకులను లెక్కపెట్టించారు. రెండోసారి కూడా లెక్కపెట్టించారు. ముఖం చిన్నబోయింది.

"టి.సి.లు మూడువందల పన్నెండు. వచ్చినవారు మూడువందల పదకొండు. తేడా ఒకటి" అన్నారు. "ఇంతమందికి ఇచ్చాం. అందరూ క్రమశిక్షణతో తిరిగి వచ్చారు. ఈ ఒక్క విద్యార్థిని మాత్రం టి.సి. తీసుకుని నిజంగానే వెళ్ళిపోయింది. నివేదికలో ఇది మచ్చ. సంబంధీకులు ఎవరు?"

హెడ్మాస్టర్ గారు నన్ను చూపించారు.

"ఎందుకు వెళ్ళిందో లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వండమ్మా. కారణం స్పష్టంగా ఉండాలి."

ట్యాబు ఇచ్చారు. వద్దని కాగితం అడిగాను. బల్ల మీద ఆనించి, "చదువుకోడానికి వెళ్ళింది" అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను.

పరాంకుశం గారు కళ్ళజోడు తుడుచుకుని చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు. తలెత్తి, నిజంగానే అర్థం కాక, నన్ను అడిగారు.

"బడి నుంచా?"